నేల టిక్కెట్టు వారి బహుమానము

సంవత్సరము ముగియనున్న దినములలో మా కార్యాలయమునకు వచ్చు ఉత్తరములు విప్పునపుడు ఒక వింత కనబడుచుండును. పాట కోరుచు వ్రాసిన వారు, కోరిన పాట పేరు క్రింద, మేము అడుగకయే మరియొక వాక్యము చేర్చుదురు: ఈ ఏటి చిత్రములలో మా ఇంటిల్లిపాదికిని నచ్చినది ఫలానాది, రెండవది ఫలానాది, నటులలో ఫలానా వారు మేటి. ఇట్టి తీర్పు చెప్పుమని వారిని కోరినవారు లేరు. ఈ తీర్పును బట్టి ఎవరికిని పతకము రాదు, చెక్కు రాదు. అయినను వారు చెప్పకుండ నుండలేరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి ఊళ్ళనుండి వచ్చు కార్డులలో ఈ అలవాటు మరింత ప్రస్ఫుటముగా మాకు గోచరించినది. ఈ అనధికార బహుమానములకు ఒక చరిత్ర కలదు. అది అధికారిక బహుమానముల చరిత్రకంటె చిన్నది కాదు. నిజమునకు కొంత పెద్దది కూడ.

సినిమాకు బహుమానము లనగానే ఎల్లరకును అమెరికా వారి ఆస్కారు ప్రతిమ జ్ఞప్తికి వచ్చును. దాని తొలి ప్రదానము 1929వ సంవత్సరము మే 16వ తేదీన జరిగినది. అందు వోటు వేసినవారు చిత్రపరిశ్రమలోని సభ్యులే. కాని అంతకు తొమ్మిదేండ్ల పూర్వపు చిత్రములకే ఆ దేశమున మరియొక బహుమానము వచ్చియున్నది. 'ఫోటోప్లే' అను సినిమా పత్రిక, ఆ యేటి ఉత్తమ చిత్రమేదియో మీరే చెప్పుడని తన పాఠకులను కోరినది. పాఠకులు ఉత్తరములు వ్రాసిరి. 1920వ సంవత్సరపు చిత్రములలో 'హ్యూమరెస్క్' అనునది నెగ్గినది. టిఫెనీ అను ప్రసిద్ధ నగల వర్తకుల చేత చేయించిన బంగారు పతకమును పత్రికవారు ఆ చిత్రమునకు ఇచ్చిరి. అనగా, ఏటేట సినిమాకు బహుమానము నిచ్చు ఆచారమును మొదలు పెట్టినది పండితులు గాని నిర్మాతలు గాని కారు. టిక్కెట్టు కొని చూచినవారు. పెద్దల సభలు వారి వెనుక వచ్చినవి.

మన దేశమునను ఇట్టి క్రమమే కొంతవరకు కనబడును. కలకత్తాలోని సినిమా పాత్రికేయుల సంఘము 1937లో ఏర్పడి బహుమానము లిచ్చుచుండెను. అది విమర్శకుల సంగతి. మద్రాసులో సినిమా అభిమానులే ఫిలిం ఫ్యాన్స్ అసోసియేషన్ అను పేర సంఘముగా కూడి నటులను సత్కరించుచుండిరి. దేశవ్యాప్తముగా ప్రేక్షకుని వోటు అడిగినది మాత్రము బొంబాయి నుండి వెలువడు 'ఫిలింఫేర్' పత్రిక. ఆ పత్రిక 1952లో పుట్టినది. రెండేండ్లకే, 1954 మార్చి 21వ తేదీన, బొంబాయి మెట్రో థియేటరులో తొలి బహుమానములను పంచిపెట్టినది. వానికి అపుడు ఉన్న పేరు క్లేర్ బహుమానములు. టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో చిత్రసమీక్షలు వ్రాసి కీర్తిశేషురాలైన క్లేర్ మెండోంసా స్మృత్యర్థము ఆ పేరు పెట్టిరి. ఇరువదివేలకు పైగా పాఠకులు వోటు వేసిరి. ఉత్తమ చిత్రము బిమల్‌రాయ్ తీసిన 'దో బీఘా జమీన్'. ఉత్తమ దర్శకుడును ఆయనయే. ఉత్తమ నటుడు 'దాగ్'లో నటించిన దిలీప్‌కుమార్. ఉత్తమ నటి 'బైజూ బావ్రా'లో నటించిన మీనాకుమారి. ఆ చిత్రమునకే నౌషాద్‌కు సంగీత బహుమానము. మొత్తము ఐదే బహుమానములు.

ఇందొక సూక్ష్మము కలదు. 'దో బీఘా జమీన్' 1953 నాటి చిత్రము. 'దాగ్', 'బైజూ బావ్రా' 1952 నాటివి. ఒకే సభలో రెండు సంవత్సరముల చిత్రములు పక్కపక్కన నిలిచినవి. బొంబాయి నగరములోనే ఆ యేడు, ఈ యేడు అను సరిహద్దు ఇట్లు కలగాపులగముగా నున్నపుడు, నల్లగొండ సీమలోని చిన్న ఊళ్ళ మాట వేరుగ చెప్పనక్కరలేదు. ఆ సంగతికి కొంత తడవు తరువాత వత్తుము.

కేంద్ర ప్రభుత్వము వారును అదే 1954లో రాష్ట్రపతి పతకములను ప్రారంభించిరి. తొలి స్వర్ణపతకము మరాఠీ చిత్రమైన 'శ్యామ్‌చీ ఆయీ'కి లభించెను. మరుసటి యేటి బహుమానములలో తెలుగు చిత్రములలో కె.వి. రెడ్డి గారి 'పెద్దమనుషులు' రజతపతకము పొందినది. ఇవి న్యాయనిర్ణేతల తీర్పులు. వీనిలో ప్రేక్షకునికి ప్రమేయము లేదు, ఉండవలెనని ఎవరును అనుకొనలేదు.

ఇక మన మూడు ఊళ్ళ వంక చూతము. హైదరాబాదు నుండి విజయవాడ పోవు రాజమార్గముపై సూర్యాపేట, కోదాడ ఉన్నవి. మిర్యాలగూడ ఆ మార్గమునకు దక్షిణముగా, వరిపొలముల నడుమ నున్నది. మూడును నైజాము సంస్థానములోనివి. తరువాత 1956 నవంబరు 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశ్‌లోనివి. 2014 నుండి తెలంగాణములోనివి. సినిమా వ్యాపారులు తెలుగు దేశమును ఆంధ్ర, సీడెడ్, నైజాం అను మూడు ఏరియాలుగా పంచుకొనిరి కదా. రాజ్యములు మారినను ఆ పేర్లు నేటికిని మారలేదు. నైజాము పోయినను వ్యాపారుల చిట్టాలలో 'నైజాం' నిలిచియే యున్నది. ఆ లెక్కలో ఈ మూడు ఊళ్ళును హైదరాబాదు వైపువే. కాని కోదాడకు హైదరాబాదు కంటె విజయవాడయే దగ్గర. పంపిణీదారు ఆఫీసు ఒక దిక్కున, పొరుగువారి కబురు మరియొక దిక్కున. విజయవాడలో బొమ్మ పడిన సంగతి బస్సు దిగినవారి నోట కోదాడకు ఆనాడే తెలియును. బొమ్మ రీళ్ళ పెట్టె మాత్రము వ్యాపారపు వరుస ప్రకారము నెమ్మదిగా వచ్చును.

ఈ వరుస ఎట్టిదో నేటి యువకులకు తెలియదు గనుక కొంచెము వివరింపవలసియున్నది. ఫిలిము చుట్టలుగా చిత్రములు తిరిగిన కాలములో ప్రింటు అనునది ఖరీదైన వస్తువు. ఒక్కొక్క చిత్రమునకు కొద్ది ప్రింట్లే తీయుదురు. అవి ముందు పెద్ద పట్టణములలో, అనగా ఏ సెంటర్లలో, ఆడవలెను. అచట ప్రేక్షకులు తగ్గిన పిదప బి సెంటర్లకు, అచట అరిగిన పిదప సి సెంటర్లకు, ఆ పిమ్మట డేరా వేసికొని ఊరూర తిరుగు టూరింగ్ టాకీసులకు పోవును. పెద్ద ఊరిలో దసరాకు విడుదలయిన బొమ్మ చిన్న ఊరికి శివరాత్రికి వచ్చుట సామాన్యము. అప్పటికి దానిపై గీతలు పడియుండును, ఒకటి రెండు చోట్ల పాట తెగియుండును. కావున డిసెంబరు నెలాఖరున 'ఈ యేటి ఉత్తమ చిత్రమేది?' అని పత్రిక అడిగినచో, చిన్న ఊరివాడు చెప్పగలిగినది నిరుటి చిత్రమును గూర్చియే. అతని అభిప్రాయము తప్పు కాదు. అతని సంవత్సరము వేరు.

అంతేకాదు. పంటనుబట్టి బ్రతుకు సీమలో సంవత్సరము డిసెంబరుతో ముగియదు. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీరు వదిలిన పిమ్మట మిర్యాలగూడ చుట్టుపట్ల వరి విస్తరించి, బియ్యపు మిల్లులు లెక్కకు మించి వెలసినవి. వానకారు కోతలు, ధాన్యపు బండ్లు, మిల్లుల రద్దీ, ఇవన్నియు సరిగా ఆ సంవత్సరాంతపు దినములలోనే. చేతిలో రూపాయి ఆడునది సంక్రాంతికి. తెలుగు నిర్మాతలు తమ పెద్ద చిత్రములను సంక్రాంతికి విడుదల చేయుట వెనుక ఈ పంటలెక్కయే కలదు. తెలుగువారి అసలు సంవత్సరాంతము ఉగాదికి ముందు కదా అని వాదించు వారును ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వము వారి నంది బహుమానములు ఉగాదికి ఇచ్చు ఆనవాయితీ పెట్టినవారు ఈ వాదమునకు మొగ్గినవారే అయియుందురు.

కావున ఇంగ్లీషు పత్రికలో అచ్చయిన వోటు పత్రమును నింపి, తపాలా బిళ్ళ అంటించి బొంబాయికి పంపగలవారు ఈ మూడు ఊళ్ళలో ఎందరుందురు? స్కూలు మాస్టరు, తహశీలు ఆఫీసు గుమాస్తా, కాలేజీకి పోయి వచ్చిన ఒకరిద్దరు. నేల టిక్కెట్టు వాని వోటు అటు చేరదు. అతడు తన వోటును మరియొక విధముగా వేసెను. నచ్చిన చిత్రమును రెండవ మారు, మూడవ మారు చూచెను. నచ్చిన ఘట్టమున తెరపైకి చిల్లర విసరెను. నచ్చనిదైనచో విశ్రాంతి సమయమున లేచి పోయెను. ఈ వోట్ల మొత్తమునకే శతదినోత్సవ మని పేరు. దినపత్రికలో పెద్ద అక్షరములతో 'నూరవ రోజు' అని అచ్చయిన ప్రకటన ఆనాటి నిర్మాతకు ఏ పతకమునకును తీసిపోదు. దీనిలోను ఒక అన్యాయము లేకపోలేదు. నూరు దినములు ఆడునది పెద్ద ఊరిలోనే. రెండు వారములకు ఒక బొమ్మ మార్చవలసిన చిన్న ఊరి హాలులో ఎంత మంచి చిత్రమైనను నూరు దినములు ఆడదు. అక్కడి జనము ఎంతగా మెచ్చినను ప్రకటనలో వారి ఊరి పేరు ఉండదు.

1963వ సంవత్సరమును ఒక ఉదాహరణగా తీసికొందము. తెలుగు సినిమాకు అదొక పండుగ సంవత్సరము. మార్చి 29న 'లవకుశ' విడుదలయినది. అది తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రము. సి. పుల్లయ్య గారు ప్రారంభింపగా, ఆయన అస్వస్థతకు లోనగుటచే కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేసిరి. పల్లెలనుండి ఎద్దుబండ్లు కట్టుకొని, సద్ది మూటలతో, పిల్లలతో, ముసలివారితో జనము పట్టణములకు తరలివచ్చిరి. రాముడుగా నందమూరి తారకరామారావును, సీతగా అంజలీదేవిని చూచి, హాలులోనే చేతులు జోడించిన వారు లెక్కలేనందరు. ఆ యేడే అక్టోబరులో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున 'నర్తనశాల' వచ్చెను. అందు కీచక పాత్రకుగాను ఎస్.వి. రంగారావు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమ నటుడుగా ఎన్నికయ్యెను. ఆ సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము వారి న్యాయనిర్ణేతలు ఉత్తమ తెలుగు చిత్రముగా 'లవకుశ'ను ఎంచిరి. ఆ సంవత్సరపు చిత్రములతోనే తెలుగునకును విస్తరించిన ఫిలింఫేర్ బహుమానము 'నర్తనశాల'కు పోయినది. ఒకే యేడు, రెండు తీర్పులు. రెండును ఒప్పుకొనదగినవే.

అయితే ఈ రెండు చిత్రములలోను ఉన్న ఒక నటుని మాట తలచుకొనవలెను. 'లవకుశ'లో లక్ష్మణుడు, 'నర్తనశాల'లో శ్రీకృష్ణుడు, ఇరువురును ఒక్కరే. ఆయన తాడేపల్లి లక్ష్మీకాంతారావు. జనము నోట కత్తి కాంతారావు. 1923 నవంబరు 16న కోదాడ దగ్గరి గుడిబండలో జన్మించిరి. నాటకముల పిచ్చితో మద్రాసు చేరి, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసిన హెచ్.ఎం. రెడ్డి గారి కంటబడి, 1953లో 'ప్రతిజ్ఞ' చిత్రమున కథానాయకుడయిరి. తరువాత విఠలాచార్య జానపదములలో ఆయనకు సాటి లేకపోయెను. 'కనకదుర్గ పూజా మహిమ', 'గురువును మించిన శిష్యుడు', 'నవగ్రహ పూజా మహిమ', 'జ్వాలాద్వీప రహస్యం', ఇట్టి చిత్రములు పెద్ద ఊళ్ళ విమర్శకులకు ఆనలేదు. బి, సి సెంటర్లలోను, డేరా హాళ్ళలోను వానికి పట్టాభిషేకమే జరిగినది. రాజనాలతో ఆయన కత్తి దూసిన ప్రతిమారు నేల తరగతి లేచి నిలుచుండెడిది. నారద పాత్రలో ఆయనను చూచినవారికి మరియొక నారదుడు రుచించుట కష్టము.

ఇట్టి నటునికి బహుమానము ఇచ్చుటకు ఆనాటి పెద్దల పట్టికలో స్థానమే లేదు. ఇది ఎవరి ద్వేషమును కాదు, పట్టిక నిర్మాణమే అట్టిది. కేంద్రము వారి బహుమానములలో నటీనటులకు వేరుగా బహుమానము 1967వ సంవత్సరపు చిత్రములతో మాత్రమే ప్రారంభమయినది. సహాయ పాత్రలకు 1984వ సంవత్సరపు చిత్రముల వరకు ఆగవలసి వచ్చినది. అప్పటికి కాంతారావు కత్తి ఒరలో చేరి చాలకాలమయినది. జానపద చిత్రమునకు 'కళాఖండ' మన్న గౌరవము ఎన్నడును రాలేదు. ఇంటి అరుగుపై కూర్చుండి తీర్పు చెప్పిన ప్రేక్షకుని పట్టికలో మాత్రము ఇట్టి నియమములు లేవు. అతడు 'గుర్రము మంచిదా, కత్తి మంచిదా' అని కూడ బహుమానము నిర్ణయింపగలడు.

ఈ అరుగు తీర్పులకు ఒక రూపము, ఒక లెక్క కల్పించినది రేడియో అని చెప్పుటలో మాకు స్వార్థము కలదని పాఠకులు అనుకొన్నను అనుకొనవచ్చును. కాని ఆ కీర్తిలో మొదటి భాగము ఆకాశవాణిది కాదు. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు తలుపు దాదాపు మూసివేసినది. ఆ డిసెంబరు 3వ తేదీననే రేడియో సిలోను 'బినాకా గీత్‌మాలా' ప్రారంభించినది. అమీన్ సయానీ అను యువకుడు ఏడు పాటలు వినిపించి, వీనిని వరుసలో పెట్టి వ్రాసి పంపుడని శ్రోతలను కోరెను. మొదటి ప్రసారమునకే తొమ్మిదివేల ఉత్తరములు వచ్చినవనియు, తరువాత వారమునకు అరువదియైదు వేల వరకు పెరిగినవనియు ఆయన అనేక సందర్భములలో చెప్పుకొనిరి. కొంతకాలమునకు శ్రోతల సంఘముల వోట్లు, రికార్డుల దుకాణముల అమ్మకములు కలిపి వరుస నిర్ణయింపసాగిరి. సంవత్సరాంతమున ఆ యేటి మేటి పాటల పట్టిక ప్రసారము చేయుదురు. 1953లో పట్టికకు శిరోభూషణ మయినది 'అనార్కలి' లోని పాట. ఆ రాత్రి ఒక రేడియో చుట్టు వీథి వీథియంతయు గుమిగూడెడిదని ఆ తరము వారు చెప్పుదురు.

ఇట్టి పట్టికల వలన పేరు పొందిన ఊరు ఝుమ్రీ తలైయా. అది నేటి ఝార్ఖండులోని అభ్రకపు గనుల ఊరు. అక్కడి వారు కోరినన్ని పాటలు దేశములో మరెవ్వరును కోరలేదు. ఒక చిన్న ఊరు పోస్టుకార్డు ఒక్కటే ఆయుధముగా దేశమునకు తన పేరు కంఠస్థము చేయించినది. నూరు దినముల ప్రకటనలో చోటు దొరకని ఊళ్ళకు రేడియోలో చోటు దొరకినది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభమయిన పిదప ఆకాశవాణియు ఈ తలుపు తెరచినది. తెలుగు శ్రోతలకు రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై కంఠము, తరువాత వివిధ భారతి జనరంజని, ఇట్లు పాట వెంట శ్రోత పేరు, ఊరి పేరు వినిపించు ఆచారము స్థిరపడినది. 'మిర్యాలగూడ నుండి' అని పేరు చదువగానే ఆ ఇంట కలుగు సంబరము మాకు బాగుగ తెలియును. మైకునకు ఈవలి వైపునకు రాకపూర్వము మేము ఆవలి వైపున కూర్చున్నవారమే.

మా బాల్యములో డిసెంబరు సెలవులకు మిర్యాలగూడలోని మా మేనమామగారి ఇంట చేరెడివారము. అచట పిల్లలము ప్రతి సంవత్సరాంతమున ఒక ఎన్నిక జరిపెడివారము. లెక్కల నోటుపుస్తకము చివరి పుట బ్యాలట్టు పత్రము. ఇంటిలో పన్నెండు మంది, పన్నెండు వోట్లు. ముందుగా ఎవరికి తోచిన చిత్రము పేరు వారు ప్రతిపాదింపవచ్చును, పిదప వోటు. నెగ్గిన చిత్రపు పాటల పుస్తకముపై బొమ్మను కత్తిరించి, మెతుకులతో బీరువా తలుపునకు అంటించెడివారము. సంక్రాంతి బొమ్మల కొలువు వరకు ఆ గౌరవము నిలుచును. అంతకుమించి ఆ బహుమానమునకు విలువ లేదు.

1989వ సంవత్సరపు ఎన్నిక మాకు బాగుగ జ్ఞప్తియందున్నది. ఆ యేడు మేలో మణిరత్నం 'గీతాంజలి', అక్టోబరులో రామ్‌గోపాల్‌వర్మ 'శివ' వచ్చినవి. రెండింటను నాగార్జునయే నాయకుడు. మగపిల్లలము ఆరుగురము 'శివ'కు వోటు వేసితిమి; సైకిలు గొలుసు చూచిన పిమ్మట మాకు మరియొక చిత్రము కనబడలేదు. అత్తయ్య, పిన్నమ్మలు, అక్కయ్యలు ఐదుగురు 'గీతాంజలి'కి వేసిరి. మిగిలిన ఒక వోటు మా పెదతాతగారిది. ఆయన బియ్యపు మిల్లులో గుమాస్తా. చిట్టా వ్రాసి వ్రాసి అరిగిన కలముతో, తన చీటీపై 'గురువును మించిన శిష్యుడు' అని వ్రాసిరి.

మేము గొల్లున నవ్వితిమి. మా పెద్దబావ, ఎన్నికల అధికారి వలె, "తాతా, ఈ ఏడు వచ్చిన సినిమానే రాయాలె. ఇది ఎప్పుడో మీ కాలంల వచ్చింది" అనెను. పెదతాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకొనుచు, "నేను ఈ ఏడే చూసిన గదరా. మొన్న పాత సినిమా ఆడిచ్చిన్రు, పోయి చూసిన. నాకు ఈ ఏటిదే అది" అనిరి. ఆ వోటు చెల్లదని మేము తీర్మానించితిమి. ఆయన కోపగించుకొనలేదు. మరుసటి యేడును కాంతారావు చిత్రమునకే వేసిరి, ఆ మరుసటి యేడును అంతే. ప్రతి యేడును మేము ఆ చీటీని ప్రక్కకు తీసి లెక్క వేసెడివారము. చిన్న ఊరికి బొమ్మ ఆలస్యముగా వచ్చుటకును, ఎవరి సంవత్సరము ఎప్పుడు ముగియుననుటకును సంబంధించిన చరిత్రయంతయు ఆ ఒక్క జవాబులో నున్నదని అప్పుడు మాకు తెలియదు.

ఆరింటికి ఐదుతో ఓడిన ఆడవారికి మాత్రము మరుసటి యేడు ఊరట దొరకినది. జాతీయ బహుమానములలో 'గీతాంజలి'కి ప్రజాదరణ పొందిన ఉత్తమ వినోదాత్మక చిత్రముగా బహుమానము వచ్చినదని వార్తలలో విని, మా ఎన్నిక తిరిగి జరుపవలెనని పిన్నమ్మ పట్టుబట్టెను. ఈ తరగతి బహుమానమును కేంద్రము వారు 1975వ సంవత్సరపు చిత్రములతో ప్రవేశపెట్టిరి. జనము మెచ్చినదియు, పెద్దలు తప్పు పట్టలేనిదియు అగు చిత్రమునకు ఇది. ప్రేక్షకుని వోటును లెక్కించుట మాని, ప్రేక్షకుడు దేనికి వోటు వేసియుండునో న్యాయనిర్ణేతలు ఊహించుట యన్నమాట. ఈ ఉపాయము మాకు పూర్తిగా నచ్చదు గాని, ఏమియు లేకుండుటకంటె మేలు.

రాష్ట్ర ప్రభుత్వము వారి నంది బహుమానములు 1964వ సంవత్సరపు చిత్రములతో ఆరంభమయినవి. లేపాక్షి నంది వానికి ప్రతిరూపము. తొలి బంగారు నంది 'డాక్టర్ చక్రవర్తి'కి లభించెను. కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' దానికి మూలము. ఆ నవల ఒక వారపత్రిక పాఠకలోకములో ముందే జయించియున్నది గనుక, ఆ నందిలో చదువరుల వాటా కొంత కలదనవచ్చును. మన సూర్యాపేట సీమకును నంది వచ్చినది. తుంగతుర్తిలో జన్మించి, వైద్యవిద్య చదివి, 1960లో 'చివరకు మిగిలేది' చిత్రముతో నటుడయిన డాక్టరు ఎం. ప్రభాకరరెడ్డి, 1980ల తొలినాళ్ళలో 'యువతరం కదిలింది', 'పల్లె పిలిచింది' చిత్రములకు ఉత్తమ నటుడుగా నందులు అందుకొనిరి. కాంతారావునకు రఘుపతి వెంకయ్య పురస్కారము 2000వ సంవత్సరమునకు వచ్చినది. అది జీవితకాలపు సేవకు ఇచ్చునది. అప్పటికి ఆయన, తాను నిర్మించిన చిత్రములలో ఆర్జించినదంతయు కోల్పోయి, చిన్న పాత్రలతోను, టెలివిజన్ ధారావాహికలతోను కాలము గడుపుచుండిరి. 2009 మార్చి 22న హైదరాబాదులో దివంగతులయిరి.

నంది బహుమానములును తరువాత ఆగిపోయినవి. 2017 నవంబరులో 2014, 2015, 2016 సంవత్సరములకు ఒక్కమారుగా ప్రకటించిరి. ఆ ప్రకటనపై పెద్ద రగడ జరిగినది. ఆ పిమ్మట నంది పలుకలేదు. ఏడేండ్లకు పైగా రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రభుత్వ చలనచిత్ర బహుమానము లేకపోయెను. ఈ ఏడేండ్లలో ప్రేక్షకుడు మాత్రము ఏటేట పట్టిక వ్రాయుట మానలేదు. పోస్టుకార్డు పోయి చేతి ఫోను వచ్చినది. ప్రింట్లు పోయి, ఒకే ఉదయమున హైదరాబాదులోను కోదాడలోను ఒకే బొమ్మ పడుచున్నది. ఎవరి సంవత్సరము వారిదన్న పాత తగవు తీరినట్లే. ఇప్పుడు వచ్చిన కొత్త తగవు వేరు: ఒక్కొక్క నటుని అభిమానులు మూకుమ్మడిగా వేసిన వోట్లతో పట్టికలు నిండిపోవుచున్నవి, చిత్రము చూడనివాడును వోటు వేయుచున్నాడు. నేల టిక్కెట్టు వాడు కనీసము టిక్కెట్టు కొనిన పిమ్మటనే ఈల వేసెను.

తెలంగాణ ప్రభుత్వము వారు గద్దర్ పేరిట బహుమానములు నెలకొల్పిరి. 1979లో నిర్మింపబడి, మరుసటి యేడు విడుదలయిన 'మా భూమి' చిత్రములో గొంగడి భుజమున వేసికొని పాడిన గద్దరే ఆయన. ఆ చిత్రము ఈ నల్లగొండ సీమ రైతుల సాయుధ పోరాట గాథ. తొలి ప్రదానోత్సవము 2025 జూన్ 14న హైదరాబాదులో జరిగినది. 2024వ సంవత్సరపు చిత్రములకే గాక, 2014 మొదలు 2023 వరకు బహుమానము లేక గడచిన ప్రతి యేటికిని వెనుకకు పోయి ఉత్తమ చిత్రముల నెంచిరి. ఏళ్ళు దాటిన చిత్రములకు ఆలస్యముగా వోటు వేయుట అధికారికముగా జరిగిన సందర్భ మిది. ఆ సభలోనే ప్రత్యేక పురస్కారములలో ఒకటి కాంతారావు పేర స్థాపింపబడి, విజయ్ దేవరకొండకు అందింపబడినది.

ఆ వార్త వచ్చిన రాత్రి మా పెద్దబావ మిర్యాలగూడ నుండి ఫోను చేసెను. ఇప్పుడు ఆయనకును నెరసినది. బీరువా ఇంకను ఉన్నదట. తలుపు లోపలి వైపున మెతుకుల మరక కూడ ఉన్నదట. నోటుపుస్తకము మాత్రము దొరకలేదట. "తాత చీటీలు మూడు పక్కన పెట్టినం గదా. అవి లెక్కల్ల కలపాలె" అనెను. కలిపిన యెడల 1989 ఫలితము ఏమియు మారదు. 'శివ'కు ఆరు, 'గీతాంజలి'కి ఐదు, 'గురువును మించిన శిష్యుడు'నకు ఒకటి. కలుపుమంటిమి.